గేటు లాడ్జిని పెరటి వైపు నుంచి చదవాలి

లాడ్జి అనగానే మనకు గుర్తొచ్చేది బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చే మూడంతస్తుల మేడ. పదిహేడేళ్ల కిందట ఇంగ్లండులోని డెర్బీకి కొత్తగా వచ్చినప్పుడు, బస్సు కిటికీలోంచి పొలాల మధ్య ఒక చిన్న రాతి ఇంటి మీద 'నార్త్ లాడ్జ్' అన్న పలక చూసి, ఇంత మారుమూల ఎవరు దిగుతారబ్బా అనుకున్నాను. పక్కన కూర్చున్న సహోద్యోగి నవ్వి, అది గేటు తీసేవాళ్ల ఇల్లని చెప్పాడు. ఆ గేటు దాటి అర మైలు లోపలికి పోతే తప్ప దొరగారి అసలు భవనం కనబడదట. ఆ ఆదివారమే మళ్లీ అదే బస్సెక్కాను. అప్పటినుంచి ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో లెక్క పెట్టలేదు.

మా నాన్న తెనాలిలో తాపీ మేస్త్రీ. నేను ఇక్కడ పాత ఇళ్లు కొనేవాళ్ల తరఫున వాటిని తనిఖీ చేసి నివేదికలు రాస్తాను. ఏ ఇంటికి పనికి పిలిచినా నాన్న ముందు పెరట్లోకి నడిచేవాడు. "వీధి గోడ పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలాంటిది, దాన్ని చూసి ఏం తెలుస్తుంది?" అనేవాడు. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837, 1901 మధ్య కట్టిన గేటు లాడ్జికి ఈ మాట సరిపోయినట్టు మరే ఇంటికీ సరిపోదు. దాని ముందు భాగం బండిలో వచ్చే అతిథి కోసం. వెనక భాగం అందులో బతికిన మనుషుల కోసం. రెండూ చూడాలి. ఎలా చూడాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒక గంట ఉంటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వారి వెబ్‌సైటులో బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పాత పటాలు ఉచితంగా చూడవచ్చు. పేరులో స్కాట్లండ్ ఉన్నా ఇంగ్లండు పటాలూ ఉన్నాయి. మైలుకు 25 అంగుళాల లెక్కన గీసిన పటం తెరవండి. ఇల్లే కాదు, దాని వెనక బావి, కొట్టం కూడా కనిపిస్తాయి. పాత పటాన్నీ ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టే సదుపాయం అక్కడే ఉంది. భవనం నుంచి రోడ్డు దాకా వచ్చే దారిని వేలితో గీసుకుంటూ రండి. రోడ్డును తాకిన చోటల్లా 'లాడ్జ్' అన్న మాట కనిపిస్తుంది. పెద్ద ఎస్టేటుకు మూడు నాలుగు ఉంటాయి. తరవాత హిస్టారిక్ ఇంగ్లండ్ నిర్వహించే రక్షిత కట్టడాల జాబితాలో ఆ పేరు వెతకండి. 1700కు ముందు కట్టి, పాత రూపం చెడకుండా నిలిచినవి దాదాపు అన్నీ, 1700 నుంచి 1850 వరకు కట్టినవాటిలో చాలా భాగం ఆ జాబితాలోకి ఎక్కుతాయి. ఆ తరవాతివాటిని ఏరి మరీ చేరుస్తారు. కాబట్టి జాబితాలో లేదని చులకన చేయకండి.

ఒక హెచ్చరిక. లాడ్జి అన్న పేరున్న ప్రతిదీ గేటు లాడ్జి కాదు. నార్తాంప్టన్‌షైర్‌లోని రష్టన్‌లో సర్ థామస్ ట్రెషమ్ 1593, 1597 మధ్య కట్టించిన మూడు గోడల, మూడు అంతస్తుల లాడ్జి కుందేళ్ల కాపరి కోసం. వేటకు వచ్చినప్పుడు దిగే లాడ్జీలు వేరు. మనం వెతికేది గేటును అంటిపెట్టుకున్నది.

అక్కడికి చేరాక నేరుగా ఇంటి దగ్గరికి వెళ్లకండి. రోడ్డుకు అవతలి పక్క నిలబడండి. గేటు రోడ్డు అంచున ఉండదు, కొంత లోపలికి ఉంటుంది. రెండు పక్కలా గోడ వంపు తిరిగి, చేతులు చాచి పిలుస్తున్నట్టు రోడ్డు దాకా వస్తుంది. ఆ వంపు అందానికే అనుకుంటాం గానీ, నాలుగు గుర్రాల బండి మలుపు తిరగాలంటే అంత జాగా కావాలి. గేటు తీసేదాకా బండి రోడ్డుకు అడ్డం పడకుండా ఆగడానికీ అదే చోటు. గేటు స్తంభాల మొదట్లో మోకాలెత్తు రాళ్లు ఏటవాలుగా పాతి ఉన్నాయేమో చూడండి. బండి చక్రం ఇరుసు స్తంభాన్ని గీరకుండా పెట్టినవి అవి. మన ఊళ్లలో వీధి మూల ఇంటి గోడకు ఎడ్లబండి తగలకుండా పాతే గుండ్రాయి గుర్తుందా? దానికి ఇది దూరపు చుట్టం.

గేటు ఇనుమును చేత్తో తడిమి చూడండి. ఒకే పువ్వు పదిసార్లు అచ్చం ఒకేలా ఉండి, అంచున సన్నటి గీత తగిలితే అది పోత ఇనుము, అచ్చులో పోసినది. ప్రతి తీగ చుట్టూ కాస్త తేడాగా తిరిగి, కొసలు సమ్మెట దెబ్బకు పలచబడి ఉంటే కొలిమి పని. రెండూ కలిసిన గొప్ప గేటు చూడాలంటే నార్‌ఫోక్‌లో రాజకుటుంబపు సాండ్రింగ్‌హామ్ ఎస్టేటుకు వెళ్లాలి. థామస్ జెకిల్ రూపకల్పన చేయగా నార్విచ్‌లోని బార్నార్డ్ కంపెనీ తయారుచేసిన ఆ గేట్లను 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో పెట్టారు. తరవాత యువరాజుకు పెళ్లి కానుకగా ఇచ్చారు. మామూలు ఎస్టేట్లలో మాత్రం చాలాసార్లు స్తంభాలే మిగిలి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కోసం దేశమంతటా గేట్లు, కంచెలు పీకి తీసుకుపోయారు.

ఇప్పుడు ఇంటి సంగతి. ముందు ఎన్ని ఉన్నాయో చూడండి, ఒకటా రెండా? గేటుకు అటొకటి ఇటొకటి, అగ్గిపెట్టెల్లా సరిసమానంగా రెండు ఉంటే అవి చాలావరకు విక్టోరియాకు ముందువి. చూడటానికి చక్కగా ఉంటాయి, బతకడానికి నరకం. ఒక పెట్టెలో వంట, ఇంకో పెట్టెలో పడక. మధ్యలో బండ్ల దారి. చలికాలం రాత్రి పసిబిడ్డను ఎత్తుకుని ఆ దారి దాటిన తల్లిని తలచుకుంటే, ఆ సమానత్వం గీసిన వాస్తుశిల్పి మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. విక్టోరియా కాలం వాళ్లు ఒక పక్కనే ఒకే ఇల్లు కట్టారు. ఎక్కువ భాగం ఒకటిన్నర అంతస్తు. అంటే పై గది కప్పు వాలులోనే ఇమిడి ఉంటుంది.

ఈ ముచ్చట ఇళ్ల సరదా వెనక ఒక పాత మూలం ఉంది. బ్రిస్టల్ దగ్గర బ్లేజ్ హామ్లెట్‌లో జాన్ నాష్ 1811 ప్రాంతంలో ఒక పచ్చిక చుట్టూ తొమ్మిది కుటీరాలు కట్టాడు, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఎస్టేటులో పనిచేసి విరమించినవాళ్ల కోసం కట్టినవి అవి. లాడ్జీలు కావు. కానీ పేదవాడి ఇల్లు కూడా దారినపోయేవాడికి బొమ్మలా కనబడాలి అన్న మోజు అక్కడినుంచే ఊపందుకుంది. డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ ఎస్టేటుకు చెందిన ఎడెన్సర్ గ్రామానికి ఒకసారి వెళ్లి రండి. ఆరో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కోసం జోసెఫ్ పాక్స్‌టన్, జాన్ రాబర్ట్‌సన్ 1838, 1842 మధ్య కట్టిన ఇళ్లు ఒక నమూనాల పుస్తకం విప్పి పరిచినట్టు ఉంటాయి. శైలులు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అంతకు మించిన పాఠశాల లేదు.

అక్కడ కళ్లకు అలవాటయ్యేవి ఇవి. కప్పు వాలు తక్కువగా ఉండి, చూరు ముందుకు పొడుచుకు వచ్చి, కిటికీల పైభాగం అర్ధచంద్రంలా ఉంటే ఇటాలియన్ బాణీ. వాలు నిట్టనిలువుగా ఉండి, తలుపు మీద కొనదేరిన కమాను ఉంటే గోథిక్. కమాను బాగా అణిగి బల్లపరుపుగా ఉండి, కిటికీని రాతి కమ్మీలు నిలువునా విడదీసి, పైన వాన నీటిని పక్కకు మళ్లించే రాతి పట్టీ ఉంటే ట్యూడర్. ఆ పట్టీ మన సన్‌షేడుకు తాత. బాల్కనీ, చెక్క నగిషీ ఉంటే స్విస్. శతాబ్దం చివరికొస్తే నలుపు తెలుపు చెక్క చట్రాలు, గోడకు తాపడం చేసిన పెంకులు కనిపిస్తాయి. లండన్‌లో ఉండేవాళ్లు క్యూ గార్డెన్స్‌లో టెంపరేట్ హౌస్ అనే అద్దాల మొక్కలింటి దగ్గరి లాడ్జి చూడండి. 1867లో విలియం ఈడెన్ నెస్‌ఫీల్డ్ గీసినది. అది ఎస్టేటు కాదు, వృక్షోద్యానం; అయినా ఎర్ర ఇటుకతో అంత చిన్న ఇంటిని అంత హుందాగా నిలబెట్టడం మరెక్కడా చూడలేదు. మధ్యలో ఒకే ఒక్క చిమ్నీ, ఇంటికి సగం బరువు అదే ఉన్నట్టు ఆకాశంలోకి లేస్తుంది. అన్నట్టు, ఇంగ్లండు కాదు గానీ ఐర్లండ్‌లో వాటర్‌ఫర్డ్ ప్రాంతంలోని డ్రొమానా గేటు మీద ఉల్లిపాయ గుమ్మటం, పక్కన సన్నటి మీనార్లు ఉంటాయి. ఇండియా చూడనివాళ్లు ఊహించుకున్న ఇండియా. నాకు నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

శైలి పేరు దొరకగానే పని అయిపోయిందనుకోకండి, అది తేలిక భాగం. లాడ్జి చాలాసార్లు లోపలి భవనానికి నమూనా ముక్క. బట్టల కొట్లో తాను విప్పకముందు చూపించే పీలికలాంటిది. భవనం గోథిక్ అయితే లాడ్జి కూడా బుల్లి గోథిక్. ఇరవయ్యో శతాబ్దంలో పన్నులు, అప్పులు భరించలేక వందల భవనాలను కూల్చేశారు. లాడ్జీలు మాత్రం ఎవరికో ఒకరికి ఇళ్లుగా పనికొచ్చి బతికిపోయాయి. భవనం లేనిచోట ఎలా ఉండేదో ఊహించడానికి ఆ పీలికే ఆధారం.

కప్పు వైపు చూడండి. నల్లటి పలకరాయి పలచగా, ఒకే కొలతలో ఉంటే అది చాలావరకు వేల్స్ నుంచి వచ్చినది. స్థానికంగా ఆ రాయి దొరకని ఊళ్లో అది కనిపిస్తే రైలు అప్పటికే దగ్గరికి వచ్చిందని అనుమానించవచ్చు. ముక్కోణపు గోడ అంచున కప్పు చెక్కల కొసలను దాచే పలకను బార్జ్‌బోర్డు అంటారు. దాన్ని లేసులా తొలిచి ఉంటారు. కెమెరా దగ్గరికి లాగి మందం చూడండి. పాతది బరువుగా, మందంగా, లోతుగా తొలిచి ఉంటుంది. పలచగా, నీడ పడకుండా ఉంటే ఈమధ్య మార్చినది. చిమ్నీ గొట్టాలు లెక్కపెడితే లోపల ఎన్ని పొయ్యిలున్నాయో సుమారుగా తెలుస్తుంది. ఒక్కోసారి మెలికలు తిరిగిన నాలుగు గొట్టాలుంటాయి, లోపల చూస్తే రెండే పొయ్యిలు. మిగతా రెండూ అతిథి కోసం.

కిటికీల దగ్గర మూడు సంవత్సరాలు గుర్తుంచుకోండి. గాజు మీద పన్ను 1845లో పోయింది, ఇటుకల మీద పన్ను 1850లో, కిటికీల పన్ను 1851లో. ఆ తరవాత పెద్ద అద్దాలు చవకయ్యాయి. అయినా లాడ్జీలకు సీసపు పట్టీలతో అతికిన డైమండు ఆకారపు చిన్న ముక్కలే పెట్టారు. ఎందుకంటే లోపల వెలుతురు కన్నా బయటికి పాతకాలపు వాలకం ముఖ్యం. కిటికీ గోడలోంచి మూడు పలకలుగా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే అక్కడ ఆగండి. ఇంటికి అది కన్ను.

ఆ సంగతి నాకు ఒక పెద్దావిడ చూపించింది. డెర్బీషైర్ లోయలో ఒక లాడ్జిలో అద్దెకుంటుంది. బయట నిలబడి గోడ రాళ్లు చూస్తున్న నన్ను వాన మొదలయ్యేసరికి లోపలికి పిలిచి టీ ఇచ్చింది. కిటికీ గట్టు మరీ కిందికి ఉందేమిటని నా టేపు తీసి కొలిచాను. నేల నుంచి సరిగ్గా 22 అంగుళాలు. "నిలబడి చూస్తే అర్థం కాదు, ఆ కుర్చీలో కూర్చోండి" అంది. కూర్చున్నాను. ఎడమ పలకలోంచి రోడ్డు మలుపు, కుడి పలకలోంచి భవనం వైపు దారి, ఎదురుగా గేటు గొళ్లెం. తల తిప్పక్కర్లేదు, కళ్లు తిప్పితే చాలు. ఒళ్లో కుట్టుపని పెట్టుకున్న ఆడమనిషి కూర్చునే ఎత్తుకు ఆ గట్టును కొలిచి కట్టారు. పని మానకుండా కాపలా కాయాలన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు గడప రాయి చూశాను. మధ్యలో అరగలేదు, గేటు వైపు పక్కకు ఒరిగి అరిగింది. చక్రాల చప్పుడు విని ఇంట్లోంచి ఉరికినవాళ్లు ఎప్పుడూ ఆ పక్కకే అడుగు వేశారు. అందుకే చెబుతున్నాను, ఏ లాడ్జికి వెళ్లినా గడప చూడకుండా రాకండి.

ఇక పెరడు. ప్రజలు నడిచే దారి ఏదైనా పక్కనుంచి పోతుంటే దాని మీదుగా వెళ్లి చూడండి. లేకపోతే అనుమతి అడగండి. ముందు నున్నగా చెక్కిన రాయి ఉన్న ఇంటికే వెనక గండ్ర రాయి ఉంటుంది. ఆ మార్పు జరిగే మూల దగ్గర నిలబడితే, అతిథి చూపు ఎక్కడిదాకా వస్తుందని లెక్కవేశారో ఖచ్చితంగా తెలుస్తుంది. ఇటుక ఇల్లయితే వరసలు చూడండి. వీధి వైపు ఒక్కో వరసలో ఇటుక పొడవు, తల (అంటే పొట్టి కొస), పొడవు, తల అని మారుతూ ఉంటుంది. పెరటి వైపు మూడు నుంచి ఐదు వరసలు పొడవు ఇటుకలే, తరవాత ఒక వరస తలలు. రెండో పద్ధతిలో మంచి మొహమున్న ఇటుకలు తక్కువ పడతాయి. వెనకే గిన్నెలు కడిగే గది, బొగ్గుల కొట్టు, కాస్త ఎడంగా మరుగుదొడ్డి. 1860లో హెన్రీ మౌల్ అనే మతగురువు పేటెంటు తీసుకున్న మట్టి మరుగుదొడ్డి చాలా ఎస్టేట్లలో వాడారు. నీళ్లు అక్కర్లేదు, పొడిమట్టి చల్లితే సరి.

వెనక తరవాత చేర్చిన గదులు దాదాపు ప్రతి లాడ్జికీ ఉంటాయి. పాత గోడకూ కొత్త గోడకూ మధ్య వరసలు కలవకుండా పైనుంచి కిందికి నిలువు సందు కనిపిస్తుంది. అతుకు అక్కడే.

పెరటి గోడలో ఇంకొకటి చూడాలి, ఇది నా వృత్తి చాదస్తం. ఇటుకల మధ్య ఏం ఉంది? పాతది సున్నం. మెత్తగా, తెల్లగా ఉంటుంది, గోరుతో గీరితే కాస్త రాలుతుంది. ఎవరో మరమ్మతు పేరుతో సిమెంటు నింపి ఉంటే ముదురు బూడిద రంగులో గట్టిగా ఉంటుంది. సున్నం గోడలోని తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. దాంతో ఆ తడి ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది, చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక మొహం పొరలుగా ఊడుతుంది. సందులు ఎత్తుగా నిలిచి ఇటుకలు లోపలికి పోయిన గోడ కనిపిస్తే జరిగింది ఇదే. గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన పాత మిద్దెలకు సిమెంటు పూత వద్దని నాన్న తెనాలిలో ఎంతమందితో గొడవపడ్డాడో! మంచు లేని ఊరు కాబట్టి అక్కడ ఇటుక పగలలేదు గానీ, చెమ్మ లోపలే ఉండిపోయి గోడలు ఉబ్బాయి. మీరు గానీ ఇలాంటి ఇల్లు కొనాలనుకుంటే ముందు ఇది చూసుకోండి. అది రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా కిటికీ మార్చినా నేరమే అవుతుంది, జాగ్రత్త.

తేదీ రాతిని నమ్మడంలో నేను ఒకసారి బోర్లా పడ్డాను. గుమ్మం పైన 1871 అని, యజమాని పేరు పొడి అక్షరాలతో చక్కటి ఫలకం ఉంది. నివేదికలో ఆ ఏడే రాసేశాను. తరవాత కౌంటీ రికార్డుల కార్యాలయంలో చర్చికి కట్టే దశమభాగం పన్ను కోసం 1840లలో గీసిన పటం తీస్తే, అదే చోట అదే కొలతలో ఇల్లు ఉంది. 1871లో కొత్త వారసుడు వచ్చి పాత పెట్టెకు ముక్కోణపు కప్పు, చిమ్నీలు తగిలించి తన పేరు చెక్కించుకున్నాడు. పెరటి గోడ చూసి ఉంటే ముందే తెలిసేది, అక్కడ ఇటుక కొలతే వేరు. ఆ రోజు వాన పడుతోందని పెరట్లోకి వెళ్లలేదు. ఫోనులో విని నాన్న ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇల్లు చూసి వచ్చాక అందులో ఎవరున్నారో తెలుసుకోవాలనిపిస్తుంది. పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కల్లో, 1841 నుంచి 1921 దాకా, ఇంటింటి మనుషుల పేర్లు చూడవచ్చు. నూరేళ్లు నిండితే గానీ బయటపెట్టరు. 1931 లెక్కలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. పటంలో ఉన్న లాడ్జి పేరుతో వెతకండి, దొరకకపోతే పెద్ద భవనం పేరు వచ్చిన పేజీకి ముందూ వెనకా తిరగేయండి. భర్త వృత్తి గడిలో తోటమాలి అనో, బండి తోలేవాడు అనో ఉంటుంది. లాడ్జి కీపర్ అన్న మాట చాలాసార్లు భార్య పేరు ఎదురుగానో, విధవరాలి పేరు ఎదురుగానో ఉంటుంది. పిల్లలను లెక్కపెట్టి, రెండు పడక గదుల కొలత గుర్తు చేసుకోండి.

చివరగా మర్యాద సంగతి. ఇవి ప్రదర్శనశాలలు కావు, లోపల మనుషులున్నారు. కిటికీలోకి తొంగి చూడకండి, ఫొటోలో వాళ్ల పిల్లలు, కారు నంబరు పడకుండా చూసుకోండి. లోపల తీరిగ్గా చూడాలంటే పాత కట్టడాలను కాపాడే లాండ్‌మార్క్ ట్రస్టు, నేషనల్ ట్రస్టు కొన్ని లాడ్జీలను సెలవులకు అద్దెకిస్తాయి. అంటే చివరికి లాడ్జి మన అర్థంలో లాడ్జి అయి కూర్చుందన్నమాట. నడక దారి కోసం గేటు తీసి లోపలికి వెళితే, తిరిగి వచ్చేటప్పుడు గొళ్లెం పడేదాకా లాగండి. పార్కులో గొర్రెలుంటాయి; ఒకసారి మూడు రోడ్డెక్కితే వాటిని వెనక్కి తోలడానికి నాకు ముప్పావుగంట పట్టింది.